బాఖ్ విడిచిన ఖాళీ పుటలు

ఆర్గను అనగానే మన నాందేడు తెలుగువారిలో పెక్కుమందికి హార్మోనియమే స్ఫురించును. అది వింత కాదు. సచ్‌ఖండ్ హుజూర్ సాహిబు గురుద్వారమున కీర్తనమునకు తోడుగా నిలుచునది అదే; మరాఠీ నాట్యసంగీతమునకును, మన పద్యనాటకములకును ప్రాణము పోసినదియు అదే. ఐరోపా దేవాలయములందలి గొట్టముల ఆర్గను దానికి దాయాది. రెండును గాలితోనే పలుకును. రెండింటను మెట్టు నొక్కినంతసేపు స్వరము చలింపక నిలుచును. పెద్ద ఆర్గనునకు పాదములతో పలికించు మెట్లు అదనము.

ఈ వాద్యమునకు రచనలు చేయువారు నేటికిని పాత లూథరన్ కీర్తనములను ఆశ్రయించుచున్నారు. జనులు తమ భాషలో పాడుకొనవలెనని 16వ శతాబ్దమున లూథరు నెలకొల్పిన సంప్రదాయమది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ‘ఆర్గను చిన్న పుస్తకము’ అను సంపుటమున 164 రచనలకు చోటు కేటాయించి, 46 మాత్రమే పూర్తిచేసెను. తక్కినచోట్ల పేర్లున్నవి, సంగీతము లేదు. ఈ శతాబ్దమున విలియం వైట్‌హెడ్ అను ఆంగ్ల ఆర్గను విద్వాంసుడు ఆ మిగిలిన 118 కీర్తనములను నేటి రచయితలకు పంచి వ్రాయించెను.

ఖాళీ పుట నింపుట సులభముగా తోచును గాని, పక్కపుటలో బాఖ్ ఉన్నాడు! ఆదాము పతనమును గూర్చిన కీర్తనమున ఆయన ఏమి చేసెనో చూడుడు. పైగొంతున పాట చెక్కుచెదరలేదు; పాదముల మెట్లపై మంద్రస్వరము మాటిమాటికి పైనుండి క్రిందికి దుముకును. పతనమను మాట పలుకకయే వినబడినది. మరియొకచోట పాటను అలంకారములతో నింపివేసెను; అయినను ప్రతి పాదాంతమున, భక్తులు ఊపిరి తీయు తావుననే ఆగెను. క్రొత్త రచనకు ఇదియే పరీక్షయని నా తలంపు: పాట చుట్టును అల్లినది ఆ పాట మాటలనుండి పుట్టినదా, లేక రచయిత వ్రేళ్ల నేర్పునుండి పుట్టినదా? బాఖ్ శైలిని అచ్చుగ్రుద్దినట్లు అనుకరించువారు తప్పులు చేయరు. వారిని రెండవమారు వినబుద్ధియు కాదు.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. 1842లో హయ్యరు గుంటూరు చేరి నెలకొల్పిన లూథరన్ సంఘముల పాటలో రెండు పాయలున్నవి. ఒకటి ఐరోపా వరుసలకు తెనిగించిన గీతము. అందు తెలుగు హ్రస్వము స్వరముకొరకు సాగిలపడవలసివచ్చును. రెండవది రాగతాళములతో పుట్టిన కీర్తన. 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి లూథరను కాకపోయినను, ఆయన కీర్తనలు సంఘభేదము లేక పాడబడుచున్నవి. ఆర్గనునకు రచన చేయబూనిన తెలుగువాడు ఈ రెండవ పాయనే ఎన్నుకొనవలెనని నేను వాదింతును, చిక్కు అచ్చటనే ఉన్నది గనుక.

ఆ చిక్కు గమకము. మెట్టు నొక్కిన స్వరము ఊగదు. 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి హార్మోనియమును వెలివేయుటకు ముఖ్యకారణమిదే. గమకము లేని కొరతను దట్టమైన స్వరసమూహములతో పూరింపజూచిన రాగము ఊపిరాడక చచ్చును. అంతకంటె ఉన్న బలమును వాడుకొనుట మేలు: పాదముల మెట్టుపై ఆధారషడ్జము తంబురావలె నిలుచును, పైని ఒకటి రెండు గొంతులు చాలును. పల్లవిని సంగతి వెంట సంగతిగా పెంచుట మనకు తెలిసిన విద్యయే. బాఖ్ సంప్రదాయమున ఒక్క పాటపై వరుసగా అల్లు రచనలు దానికి దగ్గరి చుట్టములు.

ఇందుకు పెద్ద ఆర్గను దొరకువరకు వేచియుండనక్కరలేదు. ఇంటిలోని హార్మోనియమునకు శ్రుతిగుండ్లు ఉండనే ఉన్నవి. ఒకదానిని లాగి, మీకు తెలిసిన కీర్తన పల్లవిని మొదట ఏ నగయు లేక, పిదప ఒక్క సంగతి చేర్చి వాయించి చూడుడు. పొరుగింటి మరాఠీ మిత్రుడు ఇది ఏ అభంగమని అడిగినచో, చెప్పుడు.