ఇంటి కింద ఇంకో ఇల్లు

రామచంద్రపురంలో నేలకింద గది ఉన్న ఇల్లు నేనెరగను. సరదా ఉన్నవాళ్లు లేక కాదు. మా వీధిలో ఇల్లు మొదలుపెట్టిన ఒకాయన హైదరాబాద్‌లో బంధువుల ఇల్లు చూసొచ్చి, మనకీ ఓ సెల్లార్ పెట్టించమని మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ పునాది గోతిలో ఊరుతున్న నీళ్లకేసి చూపించి, "ఆయ్, పెట్టిద్దాం లెండి. శ్రావణం దాటాక కొరమేన్లు వదులుకోవచ్చు" అన్నాడు. ఆ మాట అక్కడితో సరి. ఇప్పుడా ఇల్లు నడుమెత్తు దిమ్మె మీద, పిల్లర్ల మీద నిలబడి ఉంది. కింద కారు, రెండు మోటార్‌సైకిళ్లు, సాయంత్రం పూట ట్యూషన్ పిల్లలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ తూర్పు డెల్టాలో నేలకింద వ్యవహారమంతా నీటిదే. కాలువలు పారినన్నాళ్లూ నూతుల్లో నీళ్లు పైపైనే ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేశాక గానీ మట్టం దిగదు. ఇక వరదలంటారా, 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిన సంగతి మా వయసువాళ్లు ఇంకా నిన్నటి విషయంలాగే చెబుతారు. అందుకే మావాళ్లు దాచుకోవలసినవన్నీ పైకెత్తారు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ పొడినేల చూసి పాతర తవ్వి జొన్నలు దాచుకుంటే, ఇక్కడ గడ్డితో వెంటి పేని, మెరక చూసి, పురి కట్టి ధాన్యం పోశారు. వాడని ఇత్తడి సామాను అటకెక్కింది. అరుగు ఎత్తుని బట్టి ఇంటి పెద్దరికాన్ని లెక్కగట్టిన రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి ఊరివాణ్ణి అమెరికాలో నేలమట్టానికి కింద నిలబెట్టి, "నాన్నా, ఇక్కడేం పెడితే బావుంటుంది?" అని అడిగింది మా అమ్మాయి. వాళ్లు న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటారు. ఇల్లు కొన్నప్పుడే బేస్‌మెంట్‌కి గోడలూ, సీలింగూ, దీపాలూ అన్నీ అమర్చి ఇచ్చారట. ఒక మూల బాత్‌రూమ్ కూడా ఉంది. పైన ఇల్లు ఎంత వెడల్పో, కింద గదీ ఇంచుమించు అంతే. మన దగ్గరైతే అందులో రెండు కాపురాలు పెట్టొచ్చు.

అసలు అక్కడ నేలలోకి ఎందుకు దిగుతారో తెలుసుకుంటే గాని అందులో ఏం చెయ్యొచ్చో తెలియదు. చలికాలంలో పైమట్టిలో నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇంటిని పైకి తోస్తుంది. పునాది ఆ గడ్డకట్టే లోతు దాటి దిగాలి. న్యూజెర్సీలో అది ఇంచుమించు మూడడుగులు. ఎలాగూ తవ్వుతున్నాం కదా అని ఇంకాస్త తవ్వితే ఒక అంతస్తు కలిసొస్తుంది. బాయిలర్, నీళ్ల హీటర్ అక్కడ కూర్చుంటాయి. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుక్కి ఇంతకంటే పెద్ద ఇల్లుంది గానీ బేస్‌మెంట్ లేదు. అక్కడ అంత చలీ లేదు, పైగా నేల మన నల్లరేగడికి చుట్టం. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చి గోడల్ని నొక్కేస్తుంది. అమెరికా అంతా ఒకటే అనుకునేవాళ్లకి ఈ రెండిళ్లూ చూపించాలి.

ఆ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లు కొన్ని చూశాను. భోజనానికి పిలిచిన ప్రతివాళ్లూ ముందు మెట్లు దింపి బేస్‌మెంట్ చూపిస్తారు. ఎక్కువ ఇళ్లలో అది సినిమా హాలు. నల్లరంగు గోడలు, వెనక్కి వాలే కుర్చీలు, తెర, నాలుగు మూలలా స్పీకర్లు. ఖర్చు అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఎంత తరచుగా చూస్తారని అడిగితే ఆ నవ్వూ ఉండదు. కొత్తలో బంధువులొచ్చినప్పుడు రెండు మూడు సినిమాలు, తరవాత పండక్కొకటి. నేలకింద గదికి పెట్టే ఖర్చుల్లో దీనంత దండగ ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఇది చెప్పినందుకు ఒక ఇంట్లో నాకు స్వీటు తగ్గింది.

రెండో రకం ఇళ్లలో అది అటక. ఇండియా నుంచి వచ్చిన సూట్‌కేసులు, పిల్లలకి పొట్టయిన సైకిళ్లు, టీవీ వచ్చిన అట్టపెట్టె, బట్టలారేసుకోడానికి పనికొస్తున్న ట్రెడ్‌మిల్. మన అటక చిన్నది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు నిండి, దింపి, పారెయ్యక తప్పదు. ఇది నిండదు. అదే దాని జబ్బు.

రెండు రకాలూ చూశాక నాకు తోచిందేమిటంటే, పైనున్న గదులు మనం అటూ ఇటూ తిరగడం వల్ల బతుకుతాయి. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వీధిలోకి పోతూ ఉంటాం, చెయ్యాల్సిన పని కళ్లబడుతుంది. నేలకింద గది దారిలో ఉండదు. పనిగట్టుకుని దిగాలి. "అక్కడ ఏం పెడదాం" అని మొదలుపెడితే కుర్చీలైనా, పెట్టెలైనా వచ్చి చేరతాయి. "అక్కడికి ఎవరొస్తారు, ఏ రోజు, ఎన్నింటికి" అని మొదలుపెట్టాలి. మా అమ్మాయితో అదే అన్నాను. "అయితే నాన్నా, నువ్వొచ్చినప్పుడు నీకు గది చేసేస్తాం" అంది.

అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. అమెరికాలో మనవాళ్లు తల్లిదండ్రులకి బేస్‌మెంట్‌లో మంచం వెయ్యడం చూశాను. ప్రేమ లేక కాదు, పైన గదులు చాలక. కానీ మోకాళ్లు అరిగిన మనిషికి కాఫీ కావాలన్నా, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలన్నా పదమూడో పధ్నాలుగో మెట్లెక్కాలి. పొద్దు పొడిచిందో లేదో తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, పడుకునే గదికి బయటపడే దారి ఉండాలి. అక్కడి నిర్మాణ నియమాలు ఈ విషయంలో కచ్చితంగా ఉన్నాయి. బేస్‌మెంట్‌లో పడకగది అనిపించుకోవాలంటే మనిషి దూరి బయటపడగలిగిన కిటికీ గానీ, నేరుగా బయటికి పోయే తలుపు గానీ ఉండి తీరాలి. కిటికీ అయితే దాని అడుగు నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తు ఉండకూడదు. బయటవైపు మట్టి తవ్వి, నూతిలా గోడకట్టి, ఎక్కిరావడానికి వీలుంచాలి. మంచం వేసినంత మాత్రాన పడకగది కాదన్నమాట. ఇల్లు అమ్మేటప్పుడు కూడా ఆ లెక్కలోకి రాదు.

ఈ నియమం ఎందుకో 2021 సెప్టెంబర్ 1 రాత్రి తెలిసింది. ఇడా తుపాను తరవాతి వానకి ఒక్క న్యూయార్క్ నగరంలోనే బేస్‌మెంట్ ఇళ్లలో 11 మంది మునిగి చనిపోయారు. చాలామంది తక్కువ అద్దెకి దొరికిందని చేరిన వలసజనం. మన దేశంలో 2024 జూలై 27న ఢిల్లీ పాత రాజేందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీరు చొరబడి ముగ్గురు సివిల్స్ విద్యార్థులు పోయారు. పార్కింగ్‌కీ, సామానుకీ ఇచ్చిన అనుమతి మీద పిల్లల్ని కూర్చోబెట్టి చదివించారు. హైదరాబాద్‌లోనూ బెజవాడలోనూ సెల్లార్లో నడిచే దుకాణాలూ ట్యూషన్లూ చూసినప్పుడల్లా నాకు ముందు మెట్ల కేసి చూపు పోతుంది. ఒకటే దారా, రెండా? కొత్తగా చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు అమెరికాలో చవగ్గా దొరికిందని ఇలాంటి గదుల్లో నలుగురైదుగురు చేరడం మామూలే. ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నావా అని అడుగుతాం, కిటికీ ఉందా అని కూడా అడగాలి.

ఇక తడి. అక్కడ నాకు కాస్త గౌరవం దక్కింది. తడిలో పుట్టి పెరిగినవాణ్ణి కదా. గోడ మూల బూజు వాసన వస్తోందంటే అల్లుడు ఆదివారం పూట కిటికీలు బార్లా తెరిచి ఫ్యాన్ పెట్టాడు. అక్కడ కథ అడ్డం తిరుగుతుంది. మట్టి వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది, గోడలూ చల్లగానే ఉంటాయి. జూలై ఉక్కగాలి వచ్చి ఆ గోడకి తగిలితే చెమ్మ పడుతుంది. కిటికీ తెరిచిన కొద్దీ తడి లోపలికి వస్తుంది. ఆ నెలల్లో కిటికీలు మూసి, తేమ పీల్చే యంత్రం పెట్టి, తేమని 50 శాతం దగ్గర ఉంచుకోవాలి. పొద్దున్నే దాని బకెట్ తీసి చూస్తే నిండా నీళ్లు! గాల్లోంచి అంత నీరు తీసిన యంత్రాన్ని మా ఆవిడ కాసేపు నమ్మలేదు, ఎక్కడో పైపు పగిలిందనుకుంది.

తడి లోపలి గాలిదా, బయటి మట్టిదా అని తేల్చుకోడానికి ఒక చిట్కా ఉంది. ప్లాస్టిక్ షీటు ముక్క కోసి, కాంక్రీటు నేలకి నాలుగు అంచులా టేపు బిగించి, ఒకటి రెండు రోజులు వదిలెయ్యాలి. పైన చెమ్మ పడితే గాలిలోని తేమ. అడుగున చెమ్మ ఉంటే మట్టిలోంచి వస్తోందని అర్థం. అప్పుడు ఎన్ని యంత్రాలు పెట్టినా లాభం లేదు, బయట చూరునీళ్లు ఎక్కడ పడుతున్నాయో, నేల ఇంటివైపు వాలి ఉందేమో చూడాలి. మా అమ్మాయి ఇంట్లో గాలి దోషమే. పక్కింటివాళ్లు మాత్రం కాంక్రీటు మీద నేరుగా మెత్తటి కార్పెట్ పరిచారు. అది తీసి బయట పారేసిన రోజు వాసన మా గుమ్మం దాకా వచ్చింది.

ఒక మూల చిన్న గోతిలో పంపు ఉంటుంది. పునాది చుట్టూ ఊరిన నీరు అందులోకి చేరగానే దానంతట అదే ఆన్ అయి బయటికి తోడేస్తుంది. మా మేస్త్రీ చూస్తే ముచ్చటపడును. కాకపోతే గాలివాన వచ్చినప్పుడే కరెంటు పోతుంది, సరిగ్గా అప్పుడే పంపుతో పని పడుతుంది. బ్యాటరీ మీద నడిచే రెండో పంపు లేకపోతే మొదటిది ఉన్నా లేనట్టే. మట్టిలోంచి వచ్చే రేడాన్ అనే వాయువు ఇంకోటి. వాసనా రంగూ ఉండవు. అమెరికాలో పొగతాగడం తరవాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఎక్కువ కారణం అదేనంటుంది అక్కడి పర్యావరణ సంస్థ. లీటరు గాలికి 4 పికోక్యూరీలు గానీ, అంతకు మించి గానీ ఉంటే పైపు వేసి బయటికి పంపించమంటుంది. పరీక్ష చేసే డబ్బా బజార్లో దొరుకుతుంది. ఇవన్నీ చేశాకే సోఫా సంగతి.

చూసిన వాటిల్లో నాకు బాగా నచ్చినది ఒక కూచిపూడి టీచర్ గారి బేస్‌మెంట్. అద్దం తప్ప అలంకారం లేదు. కాంక్రీటు మీద జతులు తొక్కితే పిల్లల మోకాళ్లు పోతాయని, కింద చెక్క పట్టీలు పేర్చి, పైన ప్లైవుడ్ పరిచి, ఆపైన చెక్క నేల వేయించారు. కాలు వేస్తే నేల రవ్వంత లోపలికి లొంగి మళ్లీ పైకొస్తుంది. దానివల్ల గది ఎత్తు కొంత తగ్గింది. ఏడడుగులకి తగ్గకూడదని అక్కడి నియమం కనక కొలిచి కొలిచి వేయించారట. వారంలో సాయంత్రాలన్నీ గజ్జెల చప్పుడే. కిందకి దిగే మెట్ల మీద పిల్లల చెప్పులు వరసగా ఉంటే ఇల్లు ఎంత నిండుగా ఉంటుందో!

ఇంకో ఇంట్లో కింద రెండో వంటిల్లు ఉంది. వెనకటి ఇటాలియన్ వాళ్లకి ఆ ప్రాంతంలో ఇది పాత అలవాటేనట. టమాటా ఉడికించే మంటా మరకా అంతా కిందే, పై వంటిల్లు అతిథులకి. మనవాళ్లు చేపల పులుసుకి, వేపుళ్లకి వాడుకుంటున్నారు. అయితే పొయ్యి పెట్టాలంటే చాలా ఊళ్లలో మున్సిపాలిటీ అనుమతి కావాలి, పొగ బయటికి పోయే గొట్టం ఉండాలి. లేకపోతే ఆ వాసన హీటరు గొట్టాల్లోంచి పడకగదుల దాకా వెళ్లి కూర్చుంటుంది. ఆవకాయ జాడీలకి మాత్రం ఆ చల్లదనం, చీకటీ బ్రహ్మాండంగా సరిపోయాయి. నేల మీద పెట్టకుండా పీట వేసి పెట్టాలి, అంతే.

మా అమ్మాయి ఇంట్లో ఎట్టకేలకి శనివారం పొద్దున్న ఖాయమైంది. సిలికానాంధ్ర వాళ్లు 2007లో మొదలుపెట్టిన మనబడి క్లాసులకి వీధిలోని పిల్లలు వెళ్తున్నారు. వాళ్లంతా కూర్చుని హోంవర్కు చేసుకోడానికి, తప్పులు దిద్దించుకోడానికి చోటు కావాలన్నారు. బల్ల ఒకటి, తెల్లబోర్డు ఒకటి వచ్చాయి. నేనున్నన్నాళ్లూ ఒత్తులు నా వంతు. 'క్ష' దగ్గర పిల్లలు పడే పాట్లు చెప్పతరం కాదు. నా పడక పైనున్న చిన్న గదిలో వేశారు. ప్రొజెక్టర్‌కి దాచిన డబ్బులో కొంత బ్యాటరీ పంపుకి పోయింది. అల్లుడు సినిమాలు పై హాల్లోనే చూస్తున్నాడు. అక్కడైతే వంటింట్లోంచి కాఫీ అందుతుందట.