ఆవిరికి చలి కావాలి

మా ఊరు కుందుర్పిలో కొండెక్కి చూస్తే ఎర్రనేలలు, వేరుశనగ చేలు, కర్ణాటక వైపు సాగిపోయే గుట్టలు కనిపిస్తాయి. రైలుపట్టా మాత్రం కనిపించదు. బండి ఎక్కాలంటే కళ్యాణదుర్గమో రాయదుర్గమో పోవాల్సిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మాది. మోడం ఎటు పట్టింది, గాలి ఎటు తిరిగింది, ఆ మబ్బు నిలుస్తుందా చెదురుతుందా అన్నది మా ఇళ్లలో రోజూ నడిచే మాట. పొగబండిని వీడియో తీయడానికి పట్టాల పక్కన నిలబడ్డప్పుడు నాకు అక్కరకొచ్చిన చదువు అదే.

ఇంజను ప్రతిరోజూ ఒకటే. దాని మీద లేచే ఆవిరి ఏ రోజుకారోజు వేరు. నిజానికి ఆవిరి కంటికి కనపడదు. పొగగొట్టం దాటి చల్లబడి, సన్నని నీటితుంపరగా మారాకే తెల్లగా కనిపిస్తుంది. ఎండపొద్దున పొడిగాలి ఆ తుంపరను క్షణంలో తాగేస్తుంది. చలిగాలి అంత తేమను మోయలేదు కాబట్టి తెల్లటి మేఘం బండి వెంట చాలాసేపు నిలుస్తుంది. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా ఈ పని చేసేవాళ్లు చలికాలం కోసం కాచుకుంటారు. 1855లో తయారైన ఆవిరి ఇంజను ఫెయిరీ క్వీన్‌ను 1997లో మళ్లీ పట్టాలెక్కించి, ఢిల్లీ నుంచి అల్వర్‌కు విహారయాత్రగా నడిపింది కూడా చలినెలల్లోనే.

మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ పని 1995 డిసెంబరుతో ముగిసింది. మా ప్రాంతంవాళ్లకు ఇప్పుడు అందుబాటులో ఉన్నది నీలగిరి బండి. మేట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్ల మీటరుగేజి దారి అది. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో బండి నడిచింది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల నడుమ పళ్లకడ్డీ ఉంటుంది. ఇంజను కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని, పన్నెండడుగులకు దాదాపు అడుగు చొప్పున లేచే ఏటవాలును ఎక్కుతుంది. డిసెంబరు వానలు, కొండచరియల బెడద తగ్గాక జనవరి పొద్దులు అక్కడ చలిగా, తేటగా ఉంటాయి.

ఈ బండిని తీసేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎగువకు పోయేటప్పుడు ఇంజను వెనక నుంచి నెడుతుంది. ముందు పెట్టెలు వస్తాయి, ఇంజను చివర వస్తుంది. కొత్తవాళ్లు మొదటి పెట్టె దాటగానే కెమెరా తిప్పేసి అసలుదాన్ని పోగొట్టుకుంటారు. ప్రతి పెట్టె మీదా ఒక బ్రేకుమనిషి జెండా పట్టుకుని నిలబడతాడు. ఆ జెండాలు దాటాక, చివరన ఆవిరి మధ్య ఇంజను రావాలి. పొద్దుటి సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు, బండి మొత్తం మీద వాయవ్యం వైపు ఎక్కుతుంది. కాబట్టి చాలా మలుపుల్లో దూరమవుతున్న ఇంజను మీదే మంచి వెలుగు పడుతుంది.

ట్రైపాడ్ గట్టినేల మీద నిలిపి, ఫ్రేము ముందే కుదుర్చుకుని, బండిని దాని దారిన పోనివ్వాలి. జూమ్ చేస్తూ వెంటపడితే కొండ ఎత్తు, ఏటవాలు రెండూ మాయమవుతాయి. వెలుగు కొలత ఇంజను ముదురు రంగును బట్టి పెడితే ఆవిరి సున్నం పూసినట్టు వెలిసిపోతుంది. తెలుపును కాపాడుకుంటే ముదురు రంగును తర్వాత సరిచేసుకోవచ్చు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది గనుక అదనపుది లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి ఆనించి ఉంచాలి. చలిలో తిరిగిన కెమెరాను వెచ్చటి గదిలోకి తెచ్చేటప్పుడు సంచిలోనే కాసేపు ఉంచాలి. లేకుంటే లెన్సు మీద చెమ్మ పడుతుంది.

బొమ్మ కంటే కష్టం చప్పుడు. కూత వినపడకముందే రికార్డింగ్ మొదలుపెట్టాలి, చివరి చప్పుడు లోయలో అణగేదాకా ఆపకూడదు. ఆ నడుమ ఎవరూ మాట్లాడకూడదు, మరొకరి ఫ్రేములోకి అడుగు పెట్టకూడదు. పట్టాల పక్కన నిలబడేవాళ్ల మర్యాద ఇది. సౌండ్ రికార్డిస్టు పీటర్ హాండ్‌ఫర్డ్ బ్రిటన్‌లో పొగబండ్ల చప్పుళ్లను రికార్డులుగా తెచ్చాడు. అదే మనిషి తర్వాత ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ సినిమా శబ్దానికి ఆస్కార్ అందుకున్నాడు. చప్పుడుకు అంత చెవి పెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ ఇంజన్ల ఊపిరి ఇప్పటికీ వినగలుగుతున్నాం.

ఏ షాటు కోసమైనా పట్టాల మీదికి, వంతెనల మీదికి పోకూడదు. రైల్వే చట్టం ప్రకారం అది శిక్షపడే నేరం. పైగా కల్లారు ఎగువన ఏనుగులు తిరిగే అడవి. స్టేషన్లు, జనం తిరిగే రోడ్లు చాలు.

ఇంత శ్రమా ఒక పాత బండి కోసమా అంటే, నా జవాబు మా ఊళ్లోనే దొరికింది. మొన్న సంక్రాంతికి, నేను పట్టి తెచ్చిన నీలగిరి బండి చప్పుడును ఫోనులో పెట్టి మా పక్కింటి పెద్దాయనకు వినిపించాను. వయసులో ఉన్నప్పుడు గుంతకల్లులో ఇంజన్లకు బొగ్గు మోసిన మనిషి. ఇప్పుడు చూపు ఆనదు. తల వంచి విన్నాడు. చప్పుడు బరువెక్కి, ఒక్కొక్క ఊపిరీ విడివిడిగా పడుతున్నచోట చెయ్యెత్తి నన్ను ఆపాడు.

“బండి ఎక్కుతాండాది నాయనా. బరువు మీదుంది. నీళ్లు ఇంకెక్కడ పడతారు?”

కొండ సంగతి నేనాయనకు చెప్పలేదు. నడుమ హిల్‌గ్రోవ్‌లో బండి ఆగి నీళ్లు పట్టుకుంటుందన్న సంగతీ చెప్పలేదు. ఏటవాలును చెవితో కొలిచి, ఇంజను దప్పికను తెలుసుకోగల మనుషులు మా కరువు ఊళ్లలో ఇంకా కొందరున్నారు. వాళ్లుండగానే ఆ చప్పుళ్లు పట్టి తేవాలి. వింటూ వాళ్లు చెప్పే మాటలనూ రాసిపెట్టుకోవాలి.