కిటికీ ఎందుకు, జాలీ ఎక్కడ?

ఇల్లు కట్టడం గురించి ఇంజనీర్ల కొరకు వ్రాసిన గ్రంథాలు చాలా ఉన్నాయి. దగ్గరుండి తన ఇంటిని తానే కట్టించుకొనే సామాన్యుని కొరకు వ్రాసినవి బహు స్వల్పం. అట్టి వాటిలో లారీ బేకర్ ఇంగ్లీషులో రచించిన చిన్నపుస్తకం ఒకటి. ఇంటి ఖర్చు తగ్గించుకొనే మార్గాలు అందులోని విషయం. త్రిచూరులోని కాస్ట్‌ఫర్డ్ సంస్థ దానిని ప్రచురించింది. అక్షరాలు బేకర్ స్వహస్తంతో వ్రాసినవి, బొమ్మలు కూడా ఆయన గీసినవే. ఒక బొమ్మలో లోకంలో సాధారణంగా జరిగే దుబారా, దాని ప్రక్కన తక్కువలో అయ్యే మార్గం, నాలుగు మాటల వివరణ. హైస్కూలు విద్యార్థి ఒక సాయంకాలంలో చదివి ముగించవచ్చు.

బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించారు. 1945లో భారతదేశానికి వచ్చారు. హిమాలయాలలోని పితోర్‌గఢ్ ప్రాంతంలో పదహారేళ్లు నివసించి, రాయి, మట్టి, కర్రలతో చలికి ఆగే ఇళ్లను అక్కడి గ్రామస్థులు ఎట్లా కట్టుకొంటారో చూచి నేర్చుకొన్నారు. తరువాతి జీవితమంతా కేరళలో గడిచింది. 2007లో తిరువనంతపురంలో మరణించారు.

పుస్తకం బలమంతా ఒక ప్రశ్నలో ఉంది. ఇంటిలోని ప్రతి భాగాన్నీ పట్టుకొని, ఇది ఎందుకు అని ఆయన అడుగుతారు. కిటికీ ఎందుకు? వెలుతురు రావాలి, గాలి రావాలి, బయటికి చూడాలి. అయితే వీటిలో గాలి వెలుతురులకు మాత్రమే అయిన చోట గాజు, కర్ర, ఇనుప కమ్ములు దేనికి? ఇటుకల మధ్య సందులు వదలి జాలీగా కడితే సరిపోతుంది. అది కిటికీకంటె చవక, నిండు గోడకంటె కూడా చవక. ఎందుకంటే ఇటుకలు తక్కువ పడతాయి. ఇటువంటి ఆలోచన విజ్ఞాన శాస్త్రానికి మొదటి మెట్టు. ఖరీదైన పటాలు వేసిన ఎన్నో గ్రంథాలలో ఇది కనబడదు.

తలుపుల విషయంలో పుస్తకం చెప్పినది ఆచరించదగినది. గోడకు తలుపు నిలవడానికి మందమైన ద్వారబంధం తప్పనిసరి కాదు. గోడ కట్టేటప్పుడే ఇనుప పట్టీలు అందులో బిగించి, వాటికి రెక్కను నేరుగా వేలాడదీయవచ్చు. అంతకంటె సులభమైనది ఒంటి పలక కిటికీ. పలకకు పైన ఒకటి, క్రింద ఒకటి మేకువంటి కొనలుంటాయి, అవి గుంటలలో తిరుగుతాయి. మడతబందులు లేని పాత ఇళ్ల తలుపులు చాలావరకు ఈ విధంగానే తిరిగేవి.

ఇక్కడ ఇల్లు కట్టుకొనేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. తేమ మారినప్పుడు కర్ర పొడవు దాదాపు మారదు, వెడల్పు మాత్రం మారుతుంది. టేకు ఎంత మేలైన కర్ర అయినా, అడుగు వెడల్పు పలకలో తేమ నూటికి పదిహేను పాళ్ల నుండి ఎనిమిది పాళ్లకు దిగితే, వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు తగ్గవచ్చు. మూడు పలకల తలుపుకు అది సుమారు ఒక సెంటీమీటరు. వానకాలంలో చేయించిన తలుపు వేసవిలో సందులు విడిస్తే అందరూ వడ్రంగిని నిందిస్తారు, పాపం. చట్రంలో పలక పొదిగిన తలుపులో ఆ పలక గాడిలో వదులుగా ఉండి ఈ కదలికను కప్పిపుచ్చుతుంది. పలకలు చేర్చి చేసిన చవక తలుపులో ఆ అవకాశం లేదు. బాగా ఆరిన కర్ర తెచ్చి, పలకల అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కేటట్లు అమర్చి, ప్రతి పలకనూ అడ్డుకర్రకు విడిగా బిగించాలి. అప్పుడు సందు పడినా ఆరుబయలు కనబడదు.

గోడల విషయంలో ఇటుకలను అంచుమీద నిలబెట్టి, మధ్య బోలు వదిలే కట్టుబడిని బేకర్ ప్రచారం చేశారు. ఇటుకలో సుమారు నాలుగవ వంతు మిగులుతుంది. బోలులోని నిశ్చలమైన గాలి వేడిని బాగా తీసుకుపోదు కనుక గోడ కొంత చల్లగా ఉంటుంది. కొంత మాత్రమే. రెండు ముఖాలనూ కలిపే అడ్డు ఇటుకల గుండా వేడి ప్రయాణం చేస్తూనే ఉంటుంది. ఆ గోడను థర్మాస్ ఫ్లాస్కు అనుకోరాదు.

అసలు చర్చ గాలి గురించి. వేడిగాలి తేలికై పైకి పోతుంది కనుక కప్పు దగ్గర వెంటిలేటరు పెడితే చాలునని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూడవచ్చు. క్రింది రంధ్రానికీ పై రంధ్రానికీ రెండు మీటర్ల ఎత్తు తేడా, లోపలి గాలికీ బయటి గాలికీ ఐదు డిగ్రీల వేడి తేడా ఉంటే, కలిగే ఒత్తిడి సుమారు 0.4 పాస్కల్. సెకండుకు మూడు మీటర్ల వేగంతో వీచే పిల్లగాలి గోడకు తగిలినప్పుడు కలిగే ఒత్తిడి సుమారు 5 పాస్కల్. పదింతలకు పైమాట! కనుక గాలి వచ్చే గోడకు, దాని ఎదుటి గోడకు రంధ్రాలుండడం ముఖ్యం. ఒకే గోడకు ఎంత పెద్ద జాలీ పెట్టినా ప్రయోజనం స్వల్పం. గాలి ఆడని రాత్రి మాత్రం వెంటిలేటరే గతి.

తిరువనంతపురంలో గాలి తేమగా ఉంటుంది, పగటికీ రాత్రికీ వేడిలో పెద్ద తేడా లేదు. చెమట ఆరడానికి ఇరవైనాలుగు గంటలూ గాలి కదలాలి. అక్కడ మూయడానికి వీలులేని జాలీ వరం. కర్నూలు మే నెల వేరు. మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటిన గాలి, సుమారు ముప్పైనాలుగు డిగ్రీల మన చర్మానికి వేడిని తెచ్చి ఇస్తుంది. గోడలకూ నేలకూ అంతే. రాత్రికి పన్నెండు, పదమూడు డిగ్రీలు తగ్గుతుంది. అక్కడి ఇంటికి పగలు మూసి, రాత్రి తెరిచే రంధ్రం కావాలి. దోమలు, దుమ్ము, ఏటవాలు జల్లు సంగతి సరేసరి. ఎందుకు అని అన్నింటినీ అడిగిన పుస్తకాన్ని చదివినవారు, జాలీని కూడా తమ ఊరి గాలిని బట్టి అదే ప్రశ్న అడగాలి. చవకగా వచ్చింది కదా అని ఒక చోటి సలహాను మరొక చోట గోడలో కట్టేస్తే, దానిని ప్రతి వేసవీ భరించవలసినది ఆ ఇంటివారే.

రాయలసీమ మట్టి మిద్దెలకు ఈ సంగతి పాతదే. కప్పులో గవాక్షి ఉంటుంది, వెలుతురు దాని నుండి దిగుతుంది, పొయ్యి పొగ దాని గుండా పోతుంది. వాన వస్తే మిద్దె ఎక్కి మూస్తారు. బేకర్ జాలీకి లోపలివైపు ఆయన ఒంటి పలక కిటికీనే అమర్చితే ఇదే పని జరుగుతుంది. ఆ రెండింటినీ ఒకే గోడలో చూపే బొమ్మను ఉపాధ్యాయులు నల్లబల్లమీద గీయించవచ్చు. పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక ఊదువత్తి చాలు. జాలీ దగ్గర పట్టుకొని, ఎదుటి రంధ్రాన్ని ఒకసారి మూసి, ఒకసారి తెరిచి, పొగ ఎటు వంగుతున్నదో చూడాలి.