తలకు వెయ్యి డాలర్లు

అమెరికన్ రచయిత ఫిలిప్ కె. డిక్ నవల 'డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?' 1968లో వెలువడింది. వెలువడిన నాటికి పాతికేళ్లయినా దాటని భవిష్యత్తులో, 1992 జనవరిలో, సాన్ ఫ్రాన్సిస్కో నగరంలో కథ జరుగుతుంది. వైజ్ఞానిక కల్పననూ డిటెక్టివ్ కథనూ కలిపి నడిపిన నవల ఇది. దీన్ని చదివిన మిత్రులూ, సాహిత్య సభల్లో కలిసిన పాఠకులూ వెలిబుచ్చిన అభిప్రాయాలు చాలా విన్నాను. వాటిలో పొగడ్త ఉంది, తెగడ్త ఉంది. కాని నవల మొదటి నుంచి చివరిదాకా కళ్లెదుటే ఉన్న ఒక విషయాన్ని మాత్రం దాదాపు ఎవరూ ప్రస్తావించడం లేదు. ఆ మౌనాన్ని గురించి మాట్లాడుకోవాలని నాకనిపించింది.

ముందుగా ఇతివృత్తం. మహాయుద్ధం ముగిసింది. భూమిని అణుధూళి కమ్మేసింది. జంతుజాలం చాలామటుకు నశించింది. ఆ ధూళికి ఇంకా చెడిపోని వాళ్లను అంగారక గ్రహానికి వలసపొమ్మని ప్రభుత్వం ఒత్తిడి చేస్తుంది. పోయేవాడికి ఒక ఆండ్రాయిడ్‌ను ఉచితంగా ఇస్తుంది. ఆండ్రాయిడ్ అంటే ఇనుప బొమ్మ కాదు. కంపెనీలో తయారైనా రక్తమాంసాలున్న కృత్రిమ మనిషి. యజమాని ఇంట్లోనూ పొలంలోనూ చాకిరీ చేయడమే అతని పని. ఆ చాకిరీ భరించలేక యజమానుల్ని చంపి భూమికి పారిపోయి వచ్చినవాళ్లను వెదికి చంపే ఉద్యోగం రిక్ డెకార్డ్‌ది. అతను పోలీసు శాఖలో ఉన్నా జీతం అంతంతమాత్రం. చంపిన ఒక్కొక్క తలకు 1,000 డాలర్ల బహుమానం వస్తుంది. ఆ శాఖ భాషలో అది చంపడం కాదు, 'రిటైర్' చేయడం. మిగిలిన ఆరుగురిని వేటాడిన ఒక రోజే నవలలోని కథాకాలం.

నేను విన్న మొదటి అభిప్రాయం డిటెక్టివ్ నవలల ప్రియులది. నేరస్తుల జాబితా మొదట్లోనే చేతికిచ్చేస్తే ఇక పరిశోధన ఏముంది అని వాళ్ల ఫిర్యాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ పరిశోధనలు చదివి పెరిగిన పాఠకుడికి ఈ అసంతృప్తి సహజమే. హత్య జరగాలి, అనుమానితులుండాలి, ఆఖరి అధ్యాయంలో ముసుగు తొలగాలి. కాని ఆ తీరులో నడవకపోవడంలోనే ఈ నవల ప్రత్యేకత ఉంది. మామూలు డిటెక్టివ్ 'ఈ పని ఎవరు చేశారు?' అని వెదుకుతాడు. డెకార్డ్ 'వీడెవరు?' అని మాత్రమే వెదుకుతాడు. చేసిన పనికి సాక్ష్యం అక్కర్లేదు, పుట్టుకే సాక్ష్యం. అతని దగ్గరొక పరీక్షా యంత్రం ఉంటుంది. జంతువులకు జరిగే హింసను గురించి ప్రశ్నలు వేస్తూ, కంటిపాపలోనూ చెంపల్లోని రక్తనాళాల్లోనూ కలిగే మార్పులను అది కొలుస్తుంది. జాలి కలగడం లిప్తపాటు ఆలస్యమైతే మరణశిక్షే. కోర్టు లేదు, వకీలు లేడు, అప్పీలు లేదు.

ఇది కేవలం కల్పన అని మన పాఠకులు అనుకోవలసిన అవసరం లేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్త జాతుల చట్టం ఫలానా కులంలో పుట్టినవాళ్లంతా నేరస్తులేనని నిర్ణయించింది. 1911 నుంచి అది మద్రాసు రాజధానిలోనూ అమలైంది. నాటి గుంటూరు జిల్లాలోని స్టువార్టుపురం వంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టం నీడలో వెలిసినవే. 1952లో ఆ చట్టాన్ని రద్దుచేసే దాకా పుట్టుకను బట్టే పోలీసు హాజరు పట్టీ తయారైంది. డెకార్డ్ జేబులోని జాబితా అటువంటిదే.

రెండో అభిప్రాయం జోస్యం లెక్కలు చూసేవాళ్లది. 1992 వచ్చింది, పోయింది. తర్వాతి ముద్రణల్లో కథాకాలాన్ని 2021కి జరిపారు, అదీ గడిచిపోయింది. అంగారకుడి మీద మనిషి అడుగే పెట్టలేదు గనుక రచయిత ఊహ తప్పిందంటారు వీళ్లు. వైజ్ఞానిక కల్పనను పంచాంగంలా చదివితే ఇలాగే ఉంటుంది. నవలలో ఒక టెలివిజన్ ప్రకటన వస్తుంది. అంతర్యుద్ధానికి పూర్వం దక్షిణాది రాష్ట్రాలలో యజమానులు అనుభవించిన స్వర్ణయుగాన్ని మళ్లీ మీకు అందిస్తున్నామని అది వలసదారులను ఊరిస్తుంది. డిక్ చిత్రించిన భవిష్యత్తు 1865కి ముందరి అమెరికా బానిసత్వమేనని ఆ ప్రకటనే చెబుతోంది. ఈ పోలికకు పూర్వచరిత్ర కూడా ఉంది. కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకం ద్వారా ప్రపంచానికి 'రోబో' అనే మాట అందింది. దాని మూలం 'రొబోతా' అనే చెక్ మాట. భూస్వామికి కూలి లేకుండా చేసి తీరవలసిన పని అని దాని అర్థం. మన భాషలో దానికి సరైన మాట వెట్టి. వెట్టిచాకిరీ నుంచి పారిపోయినవాణ్ణి వెదికి చంపే కథలో జోస్యం ఫలించిందా లేదా అని చూసే పాఠకుడు అసలు లెక్కను వదిలేస్తున్నాడు.

మూడో అభిప్రాయం సినిమా చూసి నవలకు వచ్చినవాళ్లది. రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1982 జూన్‌లో 'బ్లేడ్ రన్నర్' విడుదలైంది. డిక్ అదే ఏడాది మార్చిలో చనిపోయాడు. సినిమాలో కథ 2019 నాటి లాస్ ఏంజిలిస్‌కు మారింది. డెకార్డ్ భార్య మాయమైంది, గొర్రె మాయమైంది, మేక మాయమైంది. అందుకే ఈ పాఠకులకు నవలలోని జంతువుల గొడవ విసుగు పుట్టిస్తోంది. కాని నవలకు ఆయువుపట్టు ఆ గొడవే. ఆ సమాజంలో ప్రాణమున్న జంతువును పెంచడం కరుణకు గుర్తు, పరువుకూ గుర్తు. జంతువుల ధరల పుస్తకాన్ని డెకార్డ్ ఎప్పుడూ దగ్గరుంచుకుంటాడు. అతనికున్నది విద్యుత్తుతో నడిచే బొమ్మ గొర్రె. ఆ సంగతి ఇరుగుపొరుగులకు తెలిస్తే తల ఎత్తుకోలేడు. ముగ్గురు ఆండ్రాయిడ్లు చచ్చిన రోజునే 3,000 డాలర్లు తొలి వాయిదాగా కట్టి నిజమైన మేకను ఇంటికి తెస్తాడు. కరుణ ఉందని నిరూపించుకోవడానికి జంతువు కావాలి, జంతువుకు డబ్బు కావాలి, డబ్బుకు హత్య చేయాలి. పాఠకులు మౌనం వహించినది ఈ లెక్క విషయంలోనే.

నాలుగో అభిప్రాయం గౌరవనీయమైనది, అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేదీ అదే. 'మనిషి అంటే ఎవరు?' అన్న తాత్విక ప్రశ్నను నవల లేవనెత్తిందంటారు. నిజమే, లేవనెత్తింది. మరి ఆ ప్రశ్న అడుగుతున్నదెవరు? ఎవరి చేత కూలి తీసుకుని అడుగుతున్నారు? జవాబు నచ్చకపోతే చంపే అధికారం వాళ్లకెక్కడిది? ఈ మూడూ విడిచిపెట్టి తత్వం మాట్లాడితే అది యజమానికి ఏ ఇబ్బందీ కలిగించదు. ఏటికేడాది మరింత మనిషిలాంటి ఆండ్రాయిడ్లను తయారుచేసి లాభాలు గడించే రోజెన్ సంస్థ సియాటిల్‌లో ఉంది. డెకార్డ్ అక్కడికి వెళతాడు. వెళ్లింది తన యంత్రం పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి మాత్రమే. ఆ నవలలో ఏ పోలీసూ ఆ సంస్థ యజమానిని నేరస్తుడిగా చూడడు. మానసిక వ్యాధిగ్రస్తులైన కొందరు అసలు మనుషులే ఈ పరీక్షలో తప్పే ప్రమాదముందని పై అధికారికి తెలుసు. తెలిసినా వేట ఆగదు. బుద్ధిపరీక్షలో తప్పినందుకు వలసపోయే హక్కు పోగొట్టుకున్న ఇసిడోర్ అనే అమాయకుడు కూడా కథలో ఉన్నాడు. కొలబద్ద ఒకసారి చేతికొచ్చాక అది ఆండ్రాయిడ్ దగ్గర ఆగదని ఆ పాత్ర చెబుతోంది.

మార్క్సిస్టు విమర్శకుడు డార్కో సువిన్ 1975లో డిక్ రచనలపై రాసిన వ్యాసంలో ఈ నవలను విఫల రచనగా తీర్మానించాడు. ఆండ్రాయిడ్లు అన్యాయానికి గురైన కింది వర్గమా, మానవత్వం లేని ప్రమాదమా అన్నది రచయితకే స్పష్టంగా లేదని ఆయన ఆక్షేపణ. ఈ ఆక్షేపణలో బలముంది. ప్రిస్ అనే ఆండ్రాయిడ్ ఒక సాలీడు కాళ్లు ఒక్కొక్కటే కత్తిరించే ఘట్టం చదివాక, 'చూశారా, అవి యంత్రాలే' అని ఊపిరి పీల్చుకున్న పాఠకులను నేనెరుగుదును. నీగ్రో బానిసకు మనలాగా బాధ తెలియదని తోటల యజమానులు చెప్పిన మాటకు ఆ ఘట్టం ఆసరా ఇస్తుంది. అది రచయిత లోపమే.

అయినా తీర్పును అంతటితో ముగించడానికి నేను సిద్ధంగా లేను. అదే నవలలో ఫిల్ రెష్ అనే వేటగాడున్నాడు. లూబా లుఫ్ట్ అనే ఆపెరా గాయనిని అతను చలించకుండా కాల్చేస్తాడు. ఆమె గొంతు విని ముగ్ధుడైన డెకార్డ్, ఇంత క్రూరుడు తప్పక ఆండ్రాయిడే అయి ఉండాలని ఆశించి పరీక్ష పెడతాడు. రెష్ మనిషేనని తేలుతుంది. క్రూరత్వం ఎటువైపున్నా యంత్రం మాత్రం చట్టం కోరిన జవాబే ఇస్తుంది. ఆ తర్వాత డెకార్డ్ తననే పరీక్షించుకుని, ఆండ్రాయిడ్ల మీద తనకు జాలి ఉందని తెలుసుకుంటాడు. తెలిసీ మిగతా ముగ్గురిని చంపుతాడు. సువిన్ రచయితలో చూసిన గందరగోళం ఈ కూలివాడి గందరగోళం కూడా. అతని మనసుకు అర్థమైనదాన్ని అతని జీతం ఒప్పుకోదు. ఈ వైరుధ్యాన్ని దాచకుండా చూపినందుకు నవల నిలుస్తుంది. చివరకు డెకార్డ్ ఎడారిలో దొరికిన కప్పతో ఇంటికి చేరతాడు. అది బొమ్మ కప్ప అని భార్య కనిపెడుతుంది. అతను నిద్రపోతే ఆమె దానికి బొమ్మ ఈగలు తెప్పించే ఏర్పాటు చేస్తుంది. రోజెన్ సంస్థలో మాత్రం పని ఆగలేదు. డిక్ అక్కడికి తిరిగి వెళ్లలేదు. అది నవల హద్దు.

పాఠకుల అభిప్రాయాలను నేనింత పట్టించుకోవడానికి కారణముంది. మాట్లాడే యంత్రాలు వచ్చిన ఈ రోజుల్లో, వాటికి మనసుందా లేదా అన్న చర్చ పత్రికల నిండా సాగుతోంది. వాటికి శిక్షణనిచ్చేందుకు గంటల తరబడి బొమ్మలకు పేర్లు పెట్టే కూలీల సంగతీ, ఒక్కొక్క చేరవేతకు ఇంత అని తీసుకునే కుర్రవాళ్ల సంగతీ ఆ చర్చలో అరుదుగా వస్తాయి. ఈ నవలను తాత్విక ప్రశ్నగా మాత్రమే చదివే అలవాటు ఆ మౌనాన్నే బలపరుస్తుంది. డెకార్డ్ జేబులోని జాబితాతో పాటు, అతనికి ముట్టిన బహుమానం లెక్కను కూడా చదవమని పాఠక మిత్రులను కోరుతున్నాను.