గాజు అడుగున మకుటం

వేమన పద్యాలను పరిష్కరించబూనిన వారందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మకుటం ఉన్న ప్రతి పద్యమూ వేమనది కాదు. బ్రౌన్ 1829లో ఆ పద్యాలను అచ్చువేసేనాటికే వాటిలో ఎన్ని ఆయనవి, ఎన్ని తరవాతివారు చేర్చినవి అన్న ప్రశ్న ఉంది. ఆటవెలది అల్లగల ఎవరైనా చివర ఆ మకుటం తగిలిస్తే పద్యం వేమన ఖాతాలోకి వెళ్ళిపోతుంది. అప్పుడు పరిష్కర్త చేయవలసిన పని మకుటాన్ని కాసేపు చేత్తో మూసి, పై మూడు పాదాలను చదవడం.

పురాతన కళాగాజును సేకరించేవారిలో చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తిస్తారు. పాత్ర చేతికి రాగానే తలకిందులు చేసి, అడుగున సంతకం కోసం వెతుకుతారు. సంతకం కనబడితే చదవడం అక్కడితో ఆగిపోతుంది. ఈ అలవాటు వల్ల డబ్బు నష్టపోవడం ఒక్కటే ప్రమాదం కాదనీ, గాజు చరిత్రే వంకరగా రాయబడుతోందనీ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు 1890–1930 మధ్య అమెరికాలోనూ, బొహీమియాలోనూ తయారైన లోహపు మెరుపు గాజును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక పెద్దావిడ పోయాక ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు. అక్కడ జానెడెత్తు బంగారువన్నె పూలపాత్ర ఒకటి కొన్నాను. అడుగున ‘ఎల్. సి. టి.’ అన్న అక్షరాలున్నాయి. లూయీ కంఫర్ట్ టిఫనీ పొడి అక్షరాలవి. భూతద్దం కింద పెట్టి చూడవలసిన సంగతి వారం తరవాత గాని తోచలేదు. అక్షరాల గీత సన్నని చుక్కల వరస. కంపిస్తూ చెక్కే విద్యుత్ పరికరం వదిలే ఆనవాలు అది. పైగా ఆ గీతలు అడుగున పాతబడ్డ గీరల మీదుగా, వాటిని కోసుకుంటూ పోయాయి. అంటే పాత్ర ముందు అరిగింది, సంతకం తరవాత వచ్చింది. ఇంటిపేరు కస్తూరివారన్న సామెత గుర్తొచ్చింది. అయితే ఆ పాత్రలో కంపేమీ లేదు. అది నిజంగా పాతదే, అందమైనదే. అబద్ధమల్లా దాని పేరే.

ఇంత గందరగోళం ఈ గాజులోనే ఎందుకు? దీని చరిత్రే అటువంటిది. ఫావ్రిల్ అన్న వ్యాపారనామాన్ని టిఫనీ 1894లో నమోదు చేయించాడు. శతాబ్దాల తరబడి మట్టిలో పడివున్న రోమన్ గాజు మీద, పైపొర క్షీణించి ఏర్పడే ఇంద్రధనుస్సు రంగులను కొత్త గాజు మీద కల్పించడం అతని ఆశయం. వేడి గాజు ఉపరితలం మీద తగరపు క్లోరైడు వంటి లోహలవణాలను చల్లితే అతి పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర పైతలం నుంచీ, కింది తలం నుంచీ తిరిగివచ్చే కాంతి కలిసి రంగులు పుట్టిస్తుంది. సబ్బుబుడగ మీదా, వానాకాలం రోడ్డు మీద చిందిన నూనె మీదా కనిపించే రంగులకు కారణం కూడా ఇదే. భౌతికధర్మం ఎవరి సొత్తూ కాదు గనుక, ఈ మెరుపూ ఒక్కరి దగ్గరే ఉండిపోలేదు. టిఫనీ దగ్గర పనిచేసి వెళ్ళిన మార్టిన్ బాక్ 1901లో బ్రూక్లిన్‌లో క్వెజాల్ సంస్థను మొదలుపెట్టాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఫ్రెడరిక్ కార్డర్ 1903లో కార్నింగ్‌లో స్ట్యూబెన్ సంస్థ స్థాపనలో పాలుపంచుకొని, మరుసటి ఏడాదే ఆరీన్ పేరుతో తన బంగారు గాజును విడుదల చేశాడు. టిఫనీ సంస్థ 1913లో స్ట్యూబెన్ మీద దావా వేసి, తరవాత దాన్ని ఉపసంహరించుకుంది. బొహీమియాలోని క్లోస్టర్‌మ్యూలేలో లోట్జ్ సంస్థ ఈలోపే తనదైన మెరుపు గాజును లోకమంతటా అమ్ముతోంది.

ఈ నేపథ్యంలో సంతకం విలువెంతో చూద్దాం. లోట్జ్ పాత్రల్లో ఎక్కువ భాగం మీద అసలు సంతకమే లేదు. ఉన్నవి ప్రధానంగా ఎగుమతి కోసం చేసినవి. అమెరికాకు దిగుమతయ్యే వస్తువుల మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నియమం 1891లో అమలులోకి వచ్చింది గాని, ఊడిపోయే కాగితపు చీటీతో కూడా ఆ నియమం నెరవేరేది. కాబట్టి దేశం పేరు లేకపోవడం ప్రాచీనతకు రుజువు కాదు.

ఇక కార్డర్ కథ ఇంకా చిత్రమైనది. నూరేళ్ళు బతికి 1963లో కన్నుమూసిన ఆయన, వార్ధక్యంలో తన దగ్గరకు సేకర్తలు తెచ్చిన పాత పాత్రల మీద స్వయంగా పేరు చెక్కి ఇచ్చాడు. పాత్ర అసలుది, సంతకం చేసిన చెయ్యి అసలుది, కాని రెంటికీ మధ్య దశాబ్దాల ఎడం. నేను పైన చెప్పిన ‘అరుగుదల తరవాత వచ్చిన సంతకం’ అన్న పరీక్ష ఇక్కడ పెడితే అసలుదాన్ని నకిలీ అని తోసిపుచ్చే ప్రమాదముంది. ఆ పరీక్ష సంతకం ఎప్పుడు చేశారో మాత్రమే చెబుతుంది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పదు.

మరి దేన్ని నమ్మాలి? ఏ ఒక్కదాన్నీ కాదు, అన్నిటి సాక్ష్యాన్నీ కలిపి చూడాలి. ఊదిన గాజును చివర్లో పట్టుకునే కడ్డీ విరిచాక అడుగున మచ్చ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలారా, నున్నగా సానపట్టారా అన్నది ఒక సాక్ష్యం. అడుగు అంచున సహజమైన అరుగుదల అన్ని దిక్కులకూ పోయే సన్నని గీరలుగా ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దినది ఒకే దిక్కుగా ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద యురేనియం కలిసిన గాజు ప్రకాశవంతమైన ఆకుపచ్చగా వెలుగుతుంది. కాని అటువంటి గాజు ఈనాటికీ తయారవుతోంది గనుక, ఆ వెలుగు కూర్పును చెబుతుందే తప్ప వయసును చెప్పదు. వీటన్నిటికీ మించినది ఆకృతి. లోట్జ్ కార్ఖానా వాడిన కాగితపు నమూనాలు కొన్ని మిగిలి, అచ్చయ్యాక, పాత్ర రూపురేఖలను వాటితో పోల్చి నిర్ధారించే వీలు కలిగింది.

‘నాకు సంతకం అక్కర్లేదు, కన్ను చాలు’ అనేవారూ ఉన్నారు. వారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక్కటి గుర్తుచేయాలి. సంతకం లేని బొహీమియన్ మెరుపు గాజునంతా లోట్జ్ అని పిలిచింది అటువంటి కళ్ళే. వాటిలో చాలావాటిని క్రాలిక్, రిండ్‌స్కోఫ్, పల్మే–కోనిగ్ వంటి ఇతర కార్ఖానాలు తయారుచేశాయని పరిశోధకులు తరవాత తేల్చారు. నచ్చిన చాటువునల్లా శ్రీనాథుడికి అంటగట్టిన మన రసికుల తీరూ ఇంతే. అభిమానం గొప్పదే, కాని అది ఆధారం కాదు.

అసలైన సంతకం కూడా పూర్తి నిజం చెప్పదన్నది నా చివరి మాట. టిఫనీ స్వయంగా గాజు ఊదేవాడు కాదు. ఫావ్రిల్ వెనక ఉన్న రసాయన పరిజ్ఞానంలో పెద్ద వాటా ఇంగ్లండులోని స్టౌర్‌బ్రిడ్జ్ ప్రాంతం నుంచి వచ్చిన ఆర్థర్ నాష్‌ది. ఆ సంస్థ పేరుమోసిన సీసపు అతుకుల దీపాల్లో తూనీగల దీపంతో సహా ఎన్నింటికో రూపకల్పన చేసింది క్లారా డ్రిస్కాల్. ఆమె రాసిన ఉత్తరాలు వెలుగులోకి వచ్చి, 2007లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ ప్రదర్శన ఏర్పాటు చేసేదాకా ఆమె పేరు లోకానికి దాదాపుగా తెలియదు. ఆ దీపాల మీదున్న టిఫనీ ముద్ర నకిలీ కాదు. అయినా నూరేళ్ళపాటు అది ఒక మనిషి పనిని కప్పిపెట్టింది. ముద్ర దగ్గరే ఆగిపోయే సేకర్త తెలియకుండానే ఆ మరుగుకు కాపలా కాస్తున్నాడు.

నా పూలపాత్ర ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దొంగ అక్షరాలను సానపట్టి చెరిపించమన్నారు కొందరు. చెరిపించలేదు. అవి కూడా ఆ పాత్ర చరిత్రలో భాగమే. దాని కింద ఒక చీటీ మాత్రం పెట్టాను: ‘బొహీమియా కావచ్చు, సుమారు 1900, కర్త తెలియదు, సంతకం తరవాత చేర్చినది.’ మన సాహిత్యచరిత్రలో అజ్ఞాతకర్తృకం అని రాయడం ఓటమి కాదు, పరిష్కర్త పాటించవలసిన నిజాయితీ. సంతలో ఈ చీటీకి వెల పెద్దగా పలకదు. కాని రేపు ఆ పాత్రను చేతిలోకి తీసుకునేవారు, దాన్ని మొదటినుంచీ చదవడానికి అది అడ్డుపడదు.