బండివాడి ప్రశ్న

ఈ మధ్య ఒక కథా కార్యశాలలో యువ రచయిత ఒకరు తన కొత్త కథ చదివి వినిపించారు. ఎన్నికలు ముగుస్తాయి. ఎవరికీ స్పష్టమైన బలం రాదు. ఒక వర్గం తన శాసనసభ్యులను బస్సులెక్కించి పొరుగు రాష్ట్రంలోని విడిదికి తరలిస్తుంది. వాళ్ల ఫోన్లు లాక్కుంటారు. తెల్లవారేసరికి ముగ్గురు గోడ దూకుతారు, వారం తిరక్కుండానే మంత్రులవుతారు. కథనం బిగువుగా ఉంది, సంభాషణలు పదునుగా ఉన్నాయి. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికి వచ్చాక ఏదో అసంతృప్తి మిగిలింది. కథ ప్రతి తెప్పించుకుని మళ్లీ చదివాను. ఆ కథలో ఓటరు రెండే రెండు చోట్ల కనిపిస్తాడు. మొదటి పేరాలో పోలింగు కేంద్రం ముందు వరుసలో నిలబడి ఉంటాడు, చివరి పేరాలో టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చుని ఉంటాడు. మధ్యలో పదకొండు పేజీల మేర అతని జాడే లేదు. గెలిచినవాళ్లు కుర్చీల కొట్లాటలో పడి ఓటరును మరిచిపోయారని ఆ కథ చేస్తున్న ఆరోపణ. మరి ఆ కథ చేసిన పని కూడా అదే కదా? ఇది ఒక్క రచయిత లోపం కాదు. మన రాజకీయ కథల్లో, నవలల్లో, నాటికల్లో చాలాకాలంగా వస్తున్న దృక్పథ లోపం.

మన ఆధునిక సాహిత్యం ఈ విషయాన్ని మొదట్లోనే పట్టుకుంది. 'కన్యాశుల్కం'లో గిరీశం ఒక బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి గంటల తరబడి ఉపన్యాసమిచ్చానని చెప్పుకుంటాడు. అంతా విన్న బండివాడు, మా ఊరి హెడ్ కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేయిస్తారని అడుగుతాడు. గిరీశం దృష్టిలో అది బండివాడి అజ్ఞానం. మనం నవ్వేది కూడా చాలాసార్లు గిరీశం పక్షాన నిలబడే. కానీ ఆ బండివాడు రాజకీయాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. తన బతుకు మీద రోజూ కూర్చుని ఉన్న అధికారం ఏదో అతనికి తెలుసు. దాన్ని ఈ కాంగ్రెసేదో కదిలిస్తుందా లేదా అన్నది అతను తేల్చుకోవాలనుకున్నాడు. గురజాడ ఆ ప్రశ్నను హాస్యంలో పొదిగి మనకిచ్చాడు. హాస్యాన్ని నిలుపుకుని ప్రశ్నను పోగొట్టుకున్నాం.

తెలుగునాట రచయితకు ఇతివృత్తాల కరువు ఎన్నడూ లేదు. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఒకే శాసనసభ కాలంలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అనే నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది. 1983లో భారీ మెజారిటీతో గెలిచిన ఎన్.టి. రామారావును 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ పదవి నుంచి తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. ఆ నెల రోజులూ శాసనసభ్యుల శిబిరాలు కర్ణాటకలో నడిచినా, జనం మాత్రం ఇక్కడ వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పదకొండేళ్ల తర్వాత, 1995 ఆగస్టులో, అదే పార్టీలో అధికార మార్పిడి హుస్సేన్‌సాగర్ పక్కన వైస్రాయ్ హోటల్ కేంద్రంగా జరిగింది. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశారు. 1984లో వీధుల్లోకి వచ్చినంత జనం ఈసారి రాలేదు. ఎందుకు రాలేదన్నది గొప్ప కథావస్తువు. మనం మాత్రం ఎవరు ఎవరి కాళ్లు పట్టుకున్నారు, ఎవరు ఏ గదిలో ఉన్నారు అన్నవే రాసుకున్నాం.

అప్పుడు నేను నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూళ్లో పదో తరగతి చదువుతున్నాను. రచ్చబండ దగ్గర పేపరు పైకి చదివే పని నాది. ఇవాళ ఎంతమంది అటు వెళ్లారు, ఎంతమంది ఇటు మిగిలారు అన్న లెక్క నాకు నోటికి వచ్చేసింది. ఒక సాయంత్రం మా పక్కింటి అత్త నీళ్ల బిందె దించి, "అబ్బయ్యా, ఎవురు గెలిస్తే మనకేంది గానీ, ఆ బ్రాందీ కొట్టు మళ్లా తెరవరు గదా?" అని అడిగింది. నేను నవ్వాను. నాతోపాటు అక్కడున్న మగవాళ్లందరూ నవ్వారు.

ఆమె అడిగిన ప్రశ్న వెనక మూడేళ్ల చరిత్ర ఉంది. 1991-92లో మా జిల్లా దూబగుంట పేరుతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానమై, 1995 జనవరిలో అమల్లోకి వచ్చింది. మా అత్తలాంటి లక్షల మంది ఆడవాళ్లు ఓటేసింది ఆ వాగ్దానానికి. ఆగస్టులో జరిగిన వాదోపవాదాల్లో పార్టీ ఎవరిది, వారసుడెవరు, బలమెవరిది, ఇంట్లో ఎవరి జోక్యం ఎంత అన్నవే మారుమోగాయి. ఆ గెలుపును ఇచ్చిన వాగ్దానం ఏ పక్షానిదన్న ప్రశ్న మా రచ్చబండ దగ్గర ఒక్క ఆమె నోటే విన్నాను. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఖజానాకు ఆదాయం పోతోందన్నారు. కొట్టు తెరిచారు. నా నవ్వు ఎవరిదో నాకు తెలిసింది ఎం.ఏ. తరగతిలో 'కన్యాశుల్కం' చదివినప్పుడు.

మద్యనిషేధం ఉంటే ఆ ఇళ్లన్నీ బాగుపడేవని నేను అమాయకంగా అనడం లేదు. నిషేధ చట్టం కూడా పేదవాళ్ల మెడకు ఎలా చుట్టుకుంటుందో, పోలీసులకూ కోర్టులకూ అది ఎలా బతుకుతెరువవుతుందో రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చూపించాయి. 'మాయ' కథలో ముత్యాలమ్మ చదువుకున్న వకీలుకే చట్టం నడిచే తీరు విడమరచి చెబుతుంది. రావిశాస్త్రి కథలో ఏలికల ఊసు తక్కువే. కానీ ఏలుబడి ఎలాంటిదో ముత్యాలమ్మ నోట మనకు పూర్తిగా తెలుస్తుంది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964) మరో ఉదాహరణ. సర్పంచి శ్రీరాములు నాయుడు దుర్మార్గుడేం కాదు, ఊరి బాగు కోరినవాడు. ఊళ్లోకి అభివృద్ధి వచ్చింది. అదే ఊళ్లో అప్పల్రాముడి అప్పు పెరిగి పెరిగి, చివరికి సీతారాముడు కన్నకొడుకునే నరికే దాకా వచ్చింది. నాయకుడి గుణదోషాల దగ్గర ఆగిపోయే రచయితకు ఈ కథ అందదు. నాయకుడు మంచివాడైనా పాలన ఎవరికి పనికొస్తోందని కారా అడిగాడు. మన శిబిర కథలు ఇందుకు భిన్నంగా, నాయకుడు చెడ్డవాడని రుజువు చేసి చేతులు దులుపుకుంటున్నాయి. నాయకుడు చెడ్డవాడన్న సంగతి పాఠకుడికి ముందే తెలుసు.

ఈ లోపం సాహిత్యానికే పరిమితం కాదు. 1967లో హర్యానాలో గయాలాల్ రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారి 'ఆయారాం గయారాం' అన్న మాటకు కారకుడయ్యాడు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మూడోవంతు సభ్యుల చీలికకు ఇచ్చిన మినహాయింపును 2003లో 91వ సవరణ తీసేసింది, మూడింట రెండు వంతుల విలీనాన్ని ఉంచింది. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ సభ్యులు అధికార పక్షంలో 'విలీనం' అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత 23 మంది ప్రతిపక్ష సభ్యులు అధికార పక్షంలో చేరగా, వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. 2023 ఎన్నికల తర్వాత తెలంగాణలో పార్టీ మారారన్న పదిమంది సభ్యుల వ్యవహారంలో, మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో స్పీకరుకు చెప్పాల్సి వచ్చింది. ఈ చట్టాన్ని జాగ్రత్తగా చదవండి. పార్టీ సభ్యత్వం వదులుకోవడం, విప్‌ను ధిక్కరించడం అందులో తప్పులు. ఓటరుకిచ్చిన మాట తప్పడం అందులో ఎక్కడా తప్పు కాదు. నష్టపోయినట్టు చట్టం గుర్తించేది పార్టీని. చట్టం వదిలేసిన ఆ మనిషిని రచయిత కూడా వదిలేస్తే అతనికి ఇక చోటెక్కడ?

ఈ మాటలే ఆ యువ రచయితతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అధికారం ఉన్నచోటే గదా మాస్టారూ, కథ ఉండేది? పల్లెలో ఏముంది, ఎదురుచూపు తప్ప?" అన్నారు. ఈ వాదనలో బలం ఉంది. శిబిరం రాయకూడదని నేననను. ఆ బస్సులకు డబ్బు ఎక్కడిది, ఏ కాంట్రాక్టు నుంచి వచ్చింది, మళ్లీ ఎవరి జేబులోంచి రాబట్టుకుంటారు అని రాస్తే శిబిరం కథ కూడా ఓటరు కథే అవుతుంది. ఎదురుచూపు కూడా కథకు తక్కువేం కాదు. ఆ ఎదురుచూపులో ఏయే పనులు ఆగాయో, ఎవరి పిల్ల చదువు మానిందో రచయిత వెళ్లి తెలుసుకోవాలి. శిబిరం సంగతులు పేపర్లో దొరుకుతాయి. ఇవి దొరకవు. మనం శిబిరాన్నే ఎక్కువగా రాయడానికి ఈ సౌకర్యం కూడా ఒక కారణమని నా అనుమానం. ఇందులో నా బాధ్యతా ఉంది. కథల పోటీలకు న్యాయనిర్ణేతగా ఉండి, ఇలాంటి కథలను 'నిర్భయమైన రాజకీయ కథలు' అని మెచ్చుకున్నవాళ్లలో నేనొకడిని.

"సరే, ఆ మనిషిని ఎక్కడినుంచి తేవాలి?" అని ఆయన అడిగారు.

ఉపాధ్యాయులకు ఎన్నికల విధులు తప్పవు కనుక నాకు తెలిసిన ఒక మనిషిని చెప్పాను. ఒక ఎన్నికలో నేను వేలికి సిరా పెట్టే పనిలో ఉన్నాను. ఒక ముసలాయన వచ్చి రిజిస్టరులో వేలిముద్ర వేసి, ఎడమ చెయ్యి నా ముందు చాపి, "అయ్యా, నా పింఛను ఆగిపోయింది, ఈ పుస్తకంలో నా పేరుందా?" అని అడిగాడు. "అది ఇక్కడ కాదు తాతా, ఓటేసి వెళ్లు" అన్నాను. వెనక వరుస పెద్దగా ఉంది. ఆయన తలూపి, ఓటేసి, సిరా ఆరేలా వేలు ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

కథ ఆయన దగ్గర మొదలుపెట్టమన్నాను. శిబిరం సంగతి తర్వాత చూద్దాం.