పైపు పద్ధతి: గుణదోష పరిశీలన

ఒక ప్రోగ్రాము ఇచ్చే ఫలితమును మరియొక ప్రోగ్రామునకు నేరుగా అందించే మార్గమునకు పైపు అని పేరు. తోటలో నీళ్లగొట్టములను తగిలించినట్లు ప్రోగ్రాములను తగిలించవలెనని బెల్ ప్రయోగశాలలకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లో సూచించినాడు. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థలో దీనిని అమలుపరచినాడు. షెల్, పైథాన్ వంటి స్క్రిప్టు భాషలలో నేడు ఇది నిత్యోపయోగ సాధనము.

దీని గుణము స్పష్టమే. ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క పనియే చేయును. నడుమ ఫైలు అక్కరలేదు. లైనక్సులో పైపు సాధారణముగా 65,536 బైట్లు పట్టును. అది నిండినచో వ్రాసే ప్రోగ్రాము ఆగును. చదివేది ఖాళీ చేయగానే తిరిగి సాగును.

అయితే పైపునకు అక్షరములు తెలియవు, బైట్లు మాత్రమే తెలియును. నర్సీపట్నము ప్రాంతపు కొయ్యూరు పేరు చూడుడు. కంటికి మూడే అక్షరములు. యూనికోడ్‌లో ఎనిమిది సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు కనుక మొత్తము 24. కేవలము తెలుగు సంకేతములే గల పాఠమును 4,096 బైట్ల చొప్పున చదివినచో 1,365 సంకేతములు పోగా ఒక బైటు మిగులును; తరువాతి సంకేతము రెండు ముక్కలగును. ముక్కను వెంటనే అక్షరముగా మార్చబూనినచో పొరపాటు తప్పదు. మిగిలిన బైటును తరువాతి భాగముతో కలుపుటయే దీనికి మార్గము.

ఇంతకంటె పెద్ద దోషము మౌనము. కొయ్యూరు వర్షపాత పట్టికలో వాన పడిన దినములను లెక్కించుటకు ఒక విద్యార్థి పైపు వరుస వ్రాసినాడనుకొందము. ఫైలు పేరు తప్పుపడినది. మొదటి ప్రోగ్రాము విఫలమైనది; చివరిది మాత్రము ఏమీ అందక "0" అని లెక్క చెప్పి, పని సఫలమని నివేదించును. షెల్ సాధారణముగా చివరిదాని మాటనే గ్రహించును. "తెలియదు" అనవలసినచోట "వాన లేదు" అని నమోదగును! బాష్ షెల్‌లో పైప్‌ఫెయిల్ అను ఏర్పాటు పెట్టినచో ఈ వైఫల్యము బయటపడును.

పైపు మంచి సాధనమే. కాని అది తెచ్చిన దానిని నమ్ముటకు ముందు, పంపినవాడు క్షేమమా అని అడుగుట విద్యార్థులకు మొదటి పాఠము కావలెను. శూన్యము వేరు, సమాచారము లేకపోవుట వేరు.